ఆ అర బ్యాండ్ ఎక్కడ ఆగిపోయింది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నంద్యాల దగ్గర పల్లెటూరు. నాన్నకు చిన్న కిరాణా కొట్టుంది. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్, బీటెక్ (ఈసీఈ) ఇంగ్లీషు మీడియం. అమెరికాలో ఎమ్మెస్ చేయాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి ఓవరాల్ 6 బ్యాండ్ వచ్చింది. మూడు వారాల కిందట కంప్యూటర్ మీద మళ్లీ రాశాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 5.5. నేను కోరుకున్న యూనివర్సిటీ ఓవరాల్ 6.5 ఉండాలి, ఏ సెక్షన్‌లోనూ 6కు తగ్గకూడదు అంటోంది. రెండుసార్లూ స్పీకింగ్ దగ్గరే ఆగిపోయాను. మాట్లాడాల్సిన అంశం రాసిచ్చే క్యూ కార్డ్‌లో పనిలో నేర్పున్న మనిషి గురించి చెప్పమన్నారు. కోచింగ్‌లో బట్టీ పట్టిన సైంటిస్ట్ జవాబు మొదలుపెట్టాను. నలభై సెకన్లలో అయిపోయింది. ఆ తర్వాత నోట మాట రాలేదు. రెండు పరీక్షలకూ కలిపి ముప్పై వేలు దాటింది. నాన్నను మళ్లీ అడగాలంటే సిగ్గుగా ఉంది. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష ఈజీ అని ఒకరు, ఇంగ్లీషు మీడియంలో చదివానని కాలేజీ నుంచి ఎంఓఐ లెటర్ తెచ్చుకుంటే చాలని ఇంకొకరు చెబుతున్నారు. ఒక కన్సల్టెన్సీ ఆయనైతే "ఇంట్లో కూర్చుని రాసే టెస్ట్ ఉంది, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. తెలుగు మీడియంలో చదివినందుకే నాకీ గతి పట్టిందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (పేరు వేయొద్దు)

జవాబు: అమ్మా, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది. అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో మొదటి పరీక్ష ఓవరాల్ రాశావు, రెండో దానిది రాయలేదు. నేను లెక్క కట్టాను. నాలుగు అంకెలూ కూడితే 25.5. నాలుగుతో భాగిస్తే 6.375. ఐఈఎల్‌టీఎస్‌లో సగటును దగ్గరలోని అర బ్యాండ్‌కు సవరిస్తారు, పావు దగ్గర ఆగితే పైకే తీసుకెళ్తారు. కాబట్టి నీ ఓవరాల్ 6.5. స్కోర్ కార్డ్ తీసి చూడు, అదే ఉంటుంది. యూనివర్సిటీ పెట్టిన రెండు షరతుల్లో ఒకటి నువ్వు మూడు వారాల కిందటే దాటేశావు. స్పీకింగ్‌లో పోయిన ఆ అర బ్యాండ్ వెనకాల ఇదంతా నీకు కనిపించకుండా పోయింది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. దీనికి గడువు నడుస్తోంది. కంప్యూటర్ మీద ఐఈఎల్‌టీఎస్ రాసినవాళ్లకు ఒక్క సెక్షనే మళ్లీ రాసే వెసులుబాటు ఉంది. దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. నాలుగింటిలో ఏదో ఒకటి, ఒక్కసారి, అసలు పరీక్ష రాసిన రోజు నుంచి 60 రోజుల లోపల రాయాలి. ఫీజు మొత్తం పరీక్షకు కట్టేదానికన్నా తక్కువ. కొత్త స్కోర్ కార్డ్‌లో స్పీకింగ్ కొత్తది, మిగతా మూడూ పాతవే ఉంటాయి. అంటే లిజనింగ్‌లో నువ్వు తెచ్చుకున్న 7.5 ఎక్కడికీ పోదు. స్పీకింగ్ తగ్గినా భయం లేదు, పాత కార్డే వాడుకోవచ్చు. నువ్వు చెప్పిన ప్రకారం 21 రోజులు అయిపోయాయి, ఇంకా 39 ఉన్నాయి. ఇది నీ కంటపడేసరికి కొన్ని తగ్గుతాయి. స్లాట్లు కూడా చివరిదాకా ఖాళీగా ఉండవు.

అయితే డబ్బు కట్టకముందే ఒక పని చెయ్యి. రీటేక్ స్కోరును అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకు నాలుగు వాక్యాల మెయిల్ రాయి. ఫలానా కోర్సుకు, ఫలానా సెమిస్టర్‌కు దరఖాస్తు చేస్తున్నాను, నా స్కోర్లు ఇవీ, స్పీకింగ్ ఒక్కటే వన్ స్కిల్ రీటేక్‌లో మళ్లీ రాస్తే ఆ కార్డ్ తీసుకుంటారా అని సూటిగా అడుగు. నీ డిపార్ట్‌మెంట్ పేజీ కూడా విడిగా చూడు. యూనివర్సిటీ మొత్తానికి ఒక కనీస స్కోరు ఉంటే, డిపార్ట్‌మెంట్ దానికన్నా ఎక్కువ అడగడం మామూలే. కన్సల్టెన్సీ నోటిమాట మీద ఆధారపడి డబ్బు కట్టొద్దు. జవాబు మెయిల్లో, రాతపూర్వకంగా నీ దగ్గర ఉండాలి.

ఇక తెలుగు మీడియం సంగతి. ఈ బాధతో నాకు వచ్చే ఉత్తరాలు చాలా ఉంటాయి, నువ్వు ఒక్కదానివే కాదు. కానీ నీ స్కోర్లు ఏం చెబుతున్నాయో చూడు. ముక్కూమొహం తెలియని ఇంగ్లీషు గొంతులు రకరకాల యాసల్లో మాట్లాడుతుంటే, ప్రతిదీ ఒక్కసారే విని, నలభై ప్రశ్నలకు జవాబులు రాసి 7.5 తెచ్చుకున్నావు. భాష రానివాళ్లకు ఆ స్కోరు రాదు. ఇంగ్లీషు నీ చెవిలోకి బాగానే వెళుతోంది. నోట్లోంచి బయటికి రావడం అలవాటు కాలేదు, అంతే. ఎలా అలవాటవుతుంది? నాలుగేళ్ల బీటెక్‌లో పాఠం తెలుగు కలిపే చెబుతారు, రికార్డు చూసి రాస్తాం, వైవాలో రెండు ముక్కలు చెప్పి బయటపడతాం. ఆ నాలుగేళ్లలో ఎవరైనా నిన్ను రెండు నిమిషాలు ఆపకుండా ఇంగ్లీషులో మాట్లాడమన్నారా? చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన నీ క్లాస్‌మేట్లకూ ఇదే ఇబ్బంది. వాళ్లు బయటికి చెప్పరు.

నా సంగతి చెబుతాను. నేను 2007లో హైదరాబాద్‌లో టోఫెల్ రాశాను. అప్పటికి ఇంటర్నెట్ టోఫెల్ కొత్త. స్పీకింగ్‌లో మొదటి ప్రశ్నకు ఆలోచించుకోవడానికి 15 సెకన్లు, మాట్లాడటానికి 45. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే పక్క గడుల్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వాళ్ల మాటలు వింటూ నా మాట మర్చిపోయాను. ముప్పైకి 19 వచ్చింది. సీటు వచ్చింది కానీ, చదువుకుంటూనే క్లాసులు చెప్పే టీచింగ్ అసిస్టెంట్ అవకాశం మాత్రం ఆ స్పీకింగ్ స్కోరు చూసి ఇవ్వలేదు. అది వస్తే ఫీజు మాఫీ అయ్యేది. ఒక సెమిస్టర్ ఆగి, అక్కడి యూనివర్సిటీ సొంతంగా పెట్టే ఓరల్ టెస్ట్ పాసయ్యాక వచ్చింది. మొదటి ల్యాబ్ క్లాసులో "డిటర్‌మైన్ ద వాల్యూ" అన్నాను. ముందు బెంచీ కుర్రాడు "సారీ?" అన్నాడు. ఇంకోసారి అన్నాను, ఇంకా గట్టిగా. అతనికి అర్థం కాలేదు. చివరికి ఆ మాట బోర్డు మీద రాస్తే, "ఓ, డిటర్మిన్!" అన్నాడు, మధ్య అక్షరాన్ని నొక్కుతూ. పదో తరగతి నుంచీ నేను ఆ మాట తప్పుగానే పలుకుతున్నానని ఆ రోజు తెలిసింది. గట్టిగా అరిస్తే అర్థం కాదు, ఊనిక సరైన చోట పడితే అర్థమవుతుంది.

అందుకే ఉచ్చారణ దగ్గర కాసేపు ఆగుతాను. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి: ధారాళంగా, పొంతనగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మన యాసకు మార్కులు కోయరు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోవద్దు, అది ఇంకా అర్థం కాకుండా చేస్తుంది. అవతలివాళ్లకు అర్థం కానప్పుడే మార్కు పోతుంది. మన తెలుగువాళ్లకు పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్సు, బుక్కు, రోడ్డు అని ఇంగ్లీషు మాటల్నీ అలాగే కలిపేసుకున్నాం. ఇంగ్లీషు తొందరగా మాట్లాడేటప్పుడు అదే అలవాటు "బిగ్గు ప్రాబ్లమ్ము" అనిపిస్తుంది. అలాగే ఎ ముందు య, ఒ ముందు వ వచ్చి చేరతాయి. ఎగ్జామ్ యెగ్జామ్ అవుతుంది, ఓన్లీ వోన్లీ అవుతుంది. చెవినీ సంవత్సరాన్నీ ఒకేలా ఇయర్ అంటాం, ఇంగ్లీషులో అవి రెండూ వేర్వేరు. వీటికన్నా పెద్దది ఊనిక. నువ్వు ఈసీఈ కదా, కాంపొనెంట్ అని రోజుకు ఎన్నిసార్లు అంటావో. మనం కాం మీద బరువు వేస్తాం, వాళ్లు పో మీద వేస్తారు. డెవలప్‌లోనూ అంతే, ఊనిక మధ్యలో ఉంటుంది. నీ సబ్జెక్టులో రోజూ వాడే ముప్పై, నలభై మాటలు రాసుకుని, ఫోన్‌లోని డిక్షనరీలో ఒక్కొక్కటీ విని, ఊనిక పడే అక్షరం కింద గీత పెట్టుకో. రెండు సాయంత్రాల పని. ఆ మాటలు పరీక్ష తర్వాత క్లాసులోనూ పనికొస్తాయి.

ఇప్పుడు ఆ సైంటిస్ట్ జవాబు. నువ్వు ఆ సైంటిస్ట్‌ను చూడలేదు. ఆయన పని ఎలా చేస్తాడో నీకు తెలియదు. బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అయిపోగానే చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పైగా ఎగ్జామినర్లు రోజంతా జవాబులు వినేవాళ్లు, కోచింగ్ జవాబును మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. పనిలో నేర్పున్న మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడు. మీ నాన్న కొట్టు ఎన్ని గంటలకు తెరుస్తారు? అరువు పెట్టిన వాళ్ల లెక్క ఏ పుస్తకంలో రాస్తారు? ఎవరు ఎంత ఇవ్వాలో పుస్తకం చూడకుండానే చెప్పగలరా? చెక్కర పొట్లం కట్టేటప్పుడు దారం ఎలా తెంపుతారు? ఇవి నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. చెప్పడం మొదలుపెడితే రెండు నిమిషాలు సరిపోవు. ఖాతా పుస్తకానికి ఇంగ్లీషు మాట తట్టకపోతే ఆగిపోవద్దు. "ఎ స్మాల్ నోట్‌బుక్ వేర్ హి రైట్స్ హూ ఓజ్ హిమ్ మనీ" అను. తెలియని మాటను తెలిసిన మాటలతో చుట్టుతిప్పి చెప్పగలగడం కూడా పదసంపద కిందే మార్కు తెచ్చేది.

క్యూ కార్డ్ చేతికిచ్చాక ఒక నిమిషం సమయం, కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఆ నిమిషంలో చాలామంది పూర్తి వాక్యాలు రాయడం మొదలుపెడతారు. రెండో వాక్యం సగంలో ఉండగా సమయం అయిపోతుంది. ఆ కాగితానికి మార్కులు లేవు. అయిదు మాటలు రాసుకుంటే చాలు, తెలుగులోనే రాసుకో: పొద్దున్నే, అరువు, పుస్తకం, పొట్లం, వరద ఏడాది. ఒక్కో మాటకు ఇరవై సెకన్లు మాట్లాడినా నిమిషం నలభై అవుతుంది. ఒక మాట దగ్గర ఆగిపోతే కన్ను కిందికి దించి తర్వాతి మాట పట్టుకో.

ఆ తర్వాత స్పీకింగ్ పరీక్షలో మూడో భాగం. చిన్న కొట్లు ముందు ముందు ఉంటాయా, నేర్పు పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా, ఇలాంటివి అడుగుతారు. దీనికి పెద్ద జ్ఞానం అక్కర్లేదు. నీ అభిప్రాయం ఒక వాక్యంలో చెప్పు, ఎందుకో చెప్పు, మీ ఊళ్లో చూసిన ఒక సంగతి చెప్పు, కాదనేవాళ్లు ఏమంటారో ఒక వాక్యం కలుపు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని అడుగు, అది తప్పు కాదు.

వ్యాకరణంలో రెండే చూసుకో. మనకు తెలుగులో ఎ, ది లాంటివి లేవు కాబట్టి "షి ఈజ్ టీచర్" అనేస్తాం. ఇంకొకటి, జరిగిపోయిన కథ చెబుతూ మధ్యలో వర్తమానంలోకి వచ్చేస్తాం. తెలుగులో "వచ్చాడు, చూస్తాడు, ఏమీ లేదు" అంటే కథ రక్తి కడుతుంది. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వెనక్కి వెళ్లిన కథ వెనకే ఉండాలి. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్", "డిస్కస్డ్ అబౌట్" లాంటివి ఎలాగూ నీ రికార్డింగ్‌లోనే దొరుకుతాయి.

రికార్డింగ్ అన్నాను కదా, మిగిలిన రోజుల్లో అసలు సాధన అదే. రోజూ ఒక అంశం, ఒక నిమిషం ఆలోచన, రెండు నిమిషాలు మాట, ఫోన్‌లో రికార్డు. తర్వాత దాన్ని విని, నువ్వు అన్నది అన్నట్టే కాగితం మీద దించు. తప్పులు దిద్దకుండా, "అంటే", "యాక్చువల్లీ" కూడా వదలకుండా రాయి. మొదటి రోజు విసుగొస్తుంది, సిగ్గేస్తుంది, ఓర్చుకో. ఆ కాగితంలో మూడు తప్పులు మాత్రమే ఎంచుకుని దిద్దుకుని, అదే అంశం మళ్లీ మాట్లాడు. రెండోసారి తేడా నీకే వినిపిస్తుంది. మొత్తం నలభై నిమిషాలు పడుతుంది. దీనికి తోడు ఒక ఫ్రెండ్‌తో రోజూ పావుగంట ఫోన్లో ఇంగ్లీషులోనే మాట్లాడు. ఇద్దరికీ తప్పులొస్తే రానీ. రాసిన జవాబులు కంఠతా పట్టించే కోచింగ్‌కు ఇంకో రూపాయి కూడా పెట్టకు.

టోఫెల్ ఈజీనా? 2026 జనవరి 21 నుంచి టోఫెల్ తీరే మారిపోయింది. స్కోరు ఇప్పుడు 1 నుంచి 6 వరకు ఇస్తున్నారు. పాత 120 లెక్కను కూడా కొంతకాలం పక్కన చూపిస్తారు. స్పీకింగ్‌లో విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి చెప్పాలి, తర్వాత ఇంటర్వ్యూ ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి, ఆలోచించుకోవడానికి విడిగా సమయం ఉండదు. మాట ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది ఈజీ ఎలా అవుతుంది? సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత టోఫెల్ పుస్తకాలు కూడా ఇప్పుడు ఈ కొత్త పరీక్షకు సరిపోవు. మూడు సెక్షన్లు చేతిలో ఉన్నప్పుడు పరీక్ష మార్చొద్దని నా సలహా. యూనివర్సిటీ రీటేక్ ఒప్పుకోనంటే, అప్పుడు రెండు నెలలు సాధన చేసి మొత్తం మళ్లీ రాయి. స్కోర్లకు రెండేళ్ల చెల్లుబాటు ఉంది కాబట్టి, వేరే యూనివర్సిటీలకు ఇప్పటి కార్డు కూడా పనికొస్తుంది.

ఎంఓఐ లెటర్‌ను కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, తప్పేమీ లేదు. నీ యూనివర్సిటీ బ్యాండ్లు రాసి మరీ అడుగుతోంది కాబట్టి వాళ్ల మినహాయింపు పేజీ చదివి, అదే మెయిల్లో ఇదీ అడిగెయ్. కానీ సీటు దాకానే ఆ కాగితం. టీచింగ్ అసిస్టెంట్ పని కావాలంటే చాలాచోట్ల అడ్మిషన్ స్కోరు కన్నా ఎక్కువ స్పీకింగ్ స్కోరు అడుగుతారు. పాత టోఫెల్ లెక్కలో 26 అడిగే చోట్లున్నాయి. నాకు పోయింది అక్కడే.

ఆ "మేం చూసుకుంటాం" అన్న ఆయన దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లకు. ఇంట్లో రాసే పరీక్ష తప్పు కాదు. డ్యుయోలింగో పరీక్ష 160కి ఉంటుంది, గంటలో అయిపోతుంది, ఖర్చు తక్కువ, దాన్ని తీసుకునే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. నీ యూనివర్సిటీ తీసుకుంటే నువ్వే సొంతంగా నిజాయితీగా రాసుకోవచ్చు. ఆయన అంటున్నది వేరు. కెమెరా, స్క్రీన్ మొత్తం రికార్డవుతాయి, పరీక్ష అయ్యాక వాటిని తీరిగ్గా చూస్తారు. పట్టుబడితే స్కోరు రద్దు. సీటు వచ్చాక తెలిసినా యూనివర్సిటీ నీ అడ్మిషన్ తీసేయగలదు. పట్టుబడకపోయినా, వీసా కోసం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి ఎందుకీ యూనివర్సిటీ, ఫీజు ఎవరు కడతారు అనే ప్రశ్నలకు నువ్వే జవాబు చెప్పాలి. ఆయన అక్కడికి రాడు. మీ నాన్న అరువులు వసూలు చేసుకుని కట్టిన డబ్బు ఇది. దాన్ని అలాంటి చోట పెట్టకమ్మా.

పేరు విషయం కూడా ఒకసారి చూసుకో. పరీక్షకు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా పేరు ఇవ్వాలి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో పడటం మామూలే. అలా ఉంటే అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే పేరు తెలియదు, అని పడుతుంది. నీదీ అలాగే ఉంటే దరఖాస్తులు మొదలుపెట్టకముందే సరిచేయించుకో.

నాన్నను అడగడానికి సిగ్గుపడకు. స్కోర్ కార్డ్ కౌంటర్ మీద పెట్టి, నాన్నా, నాలుగింటిలో మూడు అయిపోయాయి, ఒక్కటే మిగిలింది, దీనికి ఇంత అవుతుంది అని చెప్పు. జీవితమంతా లెక్కలు చూసిన మనిషి, ఇట్టే అర్థం చేసుకుంటారు. యూనివర్సిటీకి మెయిల్ రేపు పొద్దున రాయొచ్చు. ఈ రాత్రి కొట్టు కట్టేశాక ఆయన గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో ఫోన్‌లో చెప్పి దాచిపెట్టు. ఎంత తడబడినా చెరిపెయ్యకు. పరీక్షకు ముందు రోజు అదే అంశం మళ్లీ మాట్లాడి, రెండూ పక్కపక్కన విను.